మంచు కోటు

నా చెల్లెలి కోటు హెందా ఒంటి మీద ఉంది.

గుమ్మంలోనే ఆగిపోయాను. చెల్లెలు ఆమ్నా ఇంటి ముందుగదిలో, ఆమ్నా రోజూ తుడిచిన నిలువుటద్దం ముందు, హెందా అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంటోంది. దలందా మోకాళ్ళ మీద కూర్చుని కోటు అంచు కిందికి లాగి పొడవు చూస్తోంది. బేయా పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని చేతుల మడత సరిచేస్తోంది. వాళ్ళిద్దరూ మాకు చిన్ననాటి స్నేహితురాళ్ళు. కిందటి వారం, ఆమ్నా పోయిన నలభయ్యో రోజు భోజనాల నాడు, ఇదే గదిలో నా భుజం తడిసేలా ఏడ్చినవాళ్ళు.

సోఫాలో కాళ్ళు చాపుకుని ఆమ్నా మొగుడు, మా మరిది మొన్సెఫ్ నారింజపండు వలుస్తున్నాడు. తొక్కలు కిటికీ పక్కనున్న మల్లె కుండీలో పడేస్తున్నాడు. ఆ కుండీ ఆమ్నాది.

"రా వదినా, మంచి సమయానికి వచ్చావు. భుజాల దగ్గర వదులుందంటోంది దలందా. పంతులమ్మవి, నువ్వు చూసి చెప్పు."

చూశాను. వదులుగానే ఉంది. ఆమ్నా హెందా కన్నా భారీ మనిషి.

దలందా నా మొహంలోకి చూడలేదు. బేయా చూసింది గానీ, నోట్లో సూదులుండటం వల్ల మాట్లాడే పని తప్పింది.

ఆ కోటు మా స్ఫాక్స్ ఊళ్ళో ఎవరికీ పనికొచ్చే వస్తువు కాదు. ఇక్కడ చలికాలమంటే వానచినుకులు, సముద్రపు గాలి, అంతే. ఐరోపా నుంచి మూటలుగా వచ్చే పాతబట్టల్ని గుట్టపోసి అమ్మే సంతలో ఆమ్నా దాన్ని వెతికి పట్టుకుంది. లోపలంతా బొచ్చు, మోకాళ్ళు దాటే పొడవు. "ఏం తల్లీ, ధ్రువం మీదికి దండయాత్రా?" అని అమ్మేవాడు అడిగితే, "మా ఆయన గానుగ ఆగితే చెప్తా నాయనా" అందట. ఇంటికి తెచ్చాక చూస్తే పై బొత్తం లేదు. నాన్న పాత పడవ కోటు నుంచి ఒకటి కోసి అమ్మ కుట్టింది. మిగతావన్నీ నల్లవి, అదొక్కటే గోధుమరంగు.

చచ్చేలోగా ఒక్కసారైనా తీర్చుకోవాలని మా నలుగురికీ తలా ఒక కోరిక ఉండేది. బేయాకి ఓడ ఎక్కాలని. దలందాకి దారి తప్పిపోయేంత పెద్ద బజారు చూడాలని. నాకు, పిల్లలకి ఏళ్ళ తరబడి పటం మీద పుల్లతో చూపిస్తున్న ఆ రెండు ఖండాల నడిమి నీటిదారిని కళ్ళతో చూడాలని. ఆమ్నాకి మంచు ముట్టుకోవాలని. అన్నీ తుర్కియే దేశంలో దొరుకుతాయని భూగోళం పంతులమ్మనైన నేనే తేల్చి చెప్పాను. ఇస్తాంబుల్ చూసి, బుర్సా కొండెక్కి, మంచు ముట్టుకుని రావాలనుకున్నాం.

కానీ మంచు పడే కాలమూ, మా దగ్గర ఆలివ్ కాయ దులిపే కాలమూ ఒకటే. మొన్సెఫ్‌ది నూనె గానుగ. కాయ రావడం మొదలైతే గానుగ ఆగదు. అందులో పనిచేసే మనుషులకి రెండు పూటలా వండిపెట్టేది ఆమ్నా. "గానుగ ఆగనీ, పోదువుగాని" అనేవాడు ప్రతి ఏడూ. గానుగ ఆగి, దాన్ని కడిగి, మడ్డి ఎత్తిపోసేసరికి ఆ కొండల మీద కూడా మంచు కరిగిపోయేది. ఆమ్నా లేకుండా మేం ముగ్గురం వెళ్ళలేక, వచ్చే ఏడు చూద్దాం అనుకునేవాళ్ళం.

ఈ ఏడు ఎండాకాలంలోనే ఆమ్నా ప్రయాణానికి మా పేర్లతో పాటు తన పేరు తనే రాయించుకుంది. మొగుణ్ణి అడగలేదు. మొదటి కాయ గానుగకి వచ్చిన వారంలో ఛాతీలో నొప్పిగా ఉందంది. ఈ పూట మనుషులున్నారు, రేపు చూపించుకుంటానంది. పొయ్యి ముందు పీట మీద కూర్చున్నది మళ్ళీ లేవలేదు.

నలభయ్యో రోజు భోజనాలయ్యాక, చేతులు కడుక్కుంటూ మొన్సెఫ్ మా అందరికీ చెప్పాడు. హెందాతో మాట ఖాయమై ఫాతిహా చదివించుకున్నాడట, గానుగ ఆగాక పెళ్ళట. ఆపైన, ప్రయాణంలో ఆమ్నా చోటు ఊరికే పోవడం దేనికి, హెందా వెళ్తుందన్నాడు. అప్పుడు నేను ఏమీ అనలేకపోయాను. ఎవరో ఒకరు అంటారనుకున్నాను.

ఎవరూ అనలేదు. ఇప్పుడు కోటు కొలతలు చూస్తున్నారు.

మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళాను. పొయ్యి మీద ఆమ్నా పెద్ద గుండిగ ఉంది. నేనెన్నడూ చూడని ఆడమనిషి ఒకామె అందులో బార్లీ జావ కలుపుతోంది. ఆమ్నా గరిటె, ఆమ్నా పీట. నన్ను చూసి లేవబోయింది.

ఎవరమ్మా నువ్వని అడిగాను.

"గానుగ మనుషులకి వండటానికి పెట్టుకున్నారు లల్లా," అంది, అమ్మగారూ అన్నట్టు మర్యాదగా. "నలభయ్యో రోజుదాకా చుట్టాలు వండారట. వాళ్ళు వెళ్ళాక అయ్యగారు సీ మొన్సెఫ్ పొద్దున కబురంపారు, మధ్యాహ్నానికల్లా వచ్చేశా."

"అంత తొందరగా మనిషి దొరికిందా?"

"దొరక్కేం? ఈ కాలంలో మా ఊళ్ళోవాళ్ళంతా పని కోసం చూసేవాళ్ళే. ఇన్నేళ్ళూ ఈ ఇంటివాళ్ళు అడగలేదు గానీ."

నీళ్ళగ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి దించేశాను. గ్లాసు అంచుకి గానుగ మడ్డి నీళ్ళ వాసన ఉంది. ఆ ఇంట్లో ఈ కాలమంతా అన్నిటికీ ఆ వాసనే. నల్లటి నీళ్ళు, పులిసిపోయిన కాయ వాసన. ఆమ్నా జుట్టులో కూడా ఉండేది. స్నానం చేసి, నారింజ పూల నీళ్ళు చల్లుకుని, ఇప్పుడు పోయిందా అక్కా అని తల నా ముక్కు దగ్గర పెట్టేది. ఒక పొద్దుటి పూట కబురుతో, ఒక మధ్యాహ్నానికల్లా తీరిపోయే పని కోసం దాన్ని ఇన్ని చలికాలాలు కట్టిపడేశాడు.

ముందుగదిలోంచి హెందా గొంతు వినిపించింది. "ఛీ, ఇదేంటి?"

కోటు లోపలి జేబులోంచి ఒక గాజుసీసా తీసి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని అందరికీ చూపిస్తోంది. మిరపముద్ద సీసా, కడిగి ఆరబెట్టింది. మూత బిగించి ఉంది. లోపల ఏమీ లేదు.

బేయా నోట్లోంచి సూదులు తీసేసింది. దలందా నేల చూపులు చూసింది. ఆ సీసా ఏమిటో మా ముగ్గురికీ తెలుసు.

"పారెయ్," అన్నాడు మొన్సెఫ్. "ఆవిడకదే జబ్బు. ఖాళీ డబ్బా దొరికితే చాలు, దాచేది."

"ఇలా ఇవ్వు," అన్నాను.

హెందా ఇచ్చింది. మొన్సెఫ్ నవ్వాడు. "నీకెందుకు వదినా ఈ సీసా?"

"ఇది ఆమ్నాది."

"అలా అంటే ఈ ఇంట్లో అన్నీ ఆమ్నావే. ఇంకేం పట్టుకుపోతావు?" అంటూ నారింజ తొన విడదీసి హెందా నోటికందించాడు. గోళ్ళ కింద గానుగ నలుపు పేరుకున్న వేళ్ళు. హెందా ఒక్క క్షణం నా వైపు చూసి, నోరు తెరిచింది. రసం ఆమె గడ్డం మీదుగా జారి కోటు పై బొత్తం మీద పడింది.

సీసాని సంచిలో పెట్టుకున్నాను. వస్తానని కూడా చెప్పకుండా బయటికి నడిచాను.

దలందా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. గానుగ పెరట్లో ఆమె పొలం కాయ బస్తాల్లో ఉంది, వంతు కోసం.

"నన్నలా చూడకే నజీహా. వంతు వెనక్కి నెట్టాడంటే బస్తాల్లోనే కాయ వేడెక్కి కుళ్ళిపోతుంది. ఏడాదంతా మా ఇల్లు దాని మీదే గడవాలి."

"కుళ్ళేది కాయ ఒక్కటేనా?" అన్నాను.

ఆమె చెయ్యి వదిలేసింది. నువ్వైతే వస్తావుగా అంది మెల్లగా. నువ్వు రాకపోతే బాగుండదంది. అక్కడ హోటల్లో గదులు కూడా చెప్పేశారట. ఆమె, బేయా ఒకచోట. హెందా, నేను ఒకచోట.

ఆమ్నా పడుకోవలసిన మంచం మీద హెందా పడుకుంటుంది. పక్క మంచం నాది.

*

ఇంటికొచ్చేసరికి అమ్మ నేల మీద చాప పరుచుకుని బార్లీలో రాళ్ళు ఏరుతోంది. ఆమ్నా పోయినప్పటి నుంచి అమ్మ ఏడవలేదు. ఏరుతుంది, కడుగుతుంది, ఆరబెడుతుంది. శుక్రవారం శ్మశానానికి వెళ్ళి వస్తుంది. వచ్చి మళ్ళీ ఏదో ఒకటి ఏరుతుంది.

తలుపు పక్కన కొత్త నూనె డబ్బా ఉంది. మొన్సెఫ్ పంపాడంది.

"ఎందుకు తీసుకున్నావు?"

"ఏటా పంపుతాడు. ఈ ఏడూ పంపాడు."

"ఆ నూనె నేను తినను."

"తినకు. నాకు పళ్ళు లేవు, రొట్టె నానాలి."

ఆమె పక్కనే పళ్ళెంలో పచ్చటి కొత్త నూనె, అందులో రొట్టె ముక్క మునిగి ఉంది. ఆమ్నా ప్రాణం పోయిన వారంలో గానుగాడిన కాయదేనేమో అది. నేను మొహం తిప్పుకున్నాను. ఆ పళ్ళెం ఉన్నంతసేపూ ఆ గదిలో కూర్చోలేక గుమ్మంలోనే నిలబడ్డాను.

కోటు సంగతి అమ్మకి చెప్పలేదు. వంటమనిషి సంగతి చెప్పాను. అమ్మ చేతులు ఒక్కసారి ఆగాయి, మళ్ళీ కదిలాయి. అది వాడి ఇల్లు, వాడి పొయ్యి అంది. ఆ తర్వాత, తలెత్తకుండానే, నువ్వు మాత్రం వెళ్ళడానికి వీల్లేదంది.

నేను వెళ్తానని అప్పటికి అనలేదు. నిజానికి వెళ్ళకూడదనే నిశ్చయించుకుని వచ్చాను. కానీ వద్దనే మాట ఆ నూనె పళ్ళెం పక్కనుంచి వచ్చేసరికి నాలో ఏదో అడ్డం తిరిగింది.

"హెందా వెళ్ళొచ్చా?"

"అది పరాయిది. దాని ఇంట్లో ఎవరూ చావలేదు. దానికి మైలేముంది, మొక్కేముంది? నీ చెల్లెలి సమాధి మీద మట్టింకా తడారలేదు. ఏడు తిరక్కుండా నువ్వు ఊరు దాటి షికారుకి పోతే లోకం ఏమంటుంది?"

"అంటే దాన్ని ప్రేమించినవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి. లేనివాళ్ళు తిరిగి రావచ్చు."

"అవును. అంతే," అంది అమ్మ. "దుఃఖం అయినవాళ్ళకే ఉంటుంది. పనివాళ్ళని పెట్టి చేయించుకునేది కాదు."

అమ్మే మళ్ళీ అంది. "వెళ్తే వెళ్ళు. కాళ్ళు కట్టెయ్యను. కానీ నీ వెనక నేను నీళ్ళు పొయ్యను."

మా ఊళ్ళో ఎవరు ప్రయాణమైనా వెనక నుంచి గుమ్మంలో చెంబెడు నీళ్ళు పోస్తారు. నీళ్ళు ఎంత తేలిగ్గా పారితే దారి అంత తేలిగ్గా సాగుతుందని, మనిషి క్షేమంగా తిరిగొస్తాడని. వెళ్ళేవాళ్ళు ఆ చప్పుడు వినాలి గానీ వెనక్కి తిరిగి చూడకూడదు. పాడె వెనక మాత్రం ఎవరూ పొయ్యరు. నాన్న చేపల పడవ మీద వెళ్ళిన ప్రతిసారీ అమ్మ నీళ్ళు పోసేది. ఒక్కసారి పుట్టింటికి వెళ్ళి ఉంది. నేను స్కూలుకి వెళ్ళాను, ఆమ్నా నా వెంట. ఆ రోజు గుమ్మంలో ఎవరూ లేరు. నాన్న తిరిగి రాలేదు.

ఆ మాట అమ్మ ఎంత తూచి అందో నాకు తెలుసు. నేను సముద్రాల లోతులు, గాలుల దిక్కులు పిల్లలకి చెప్పే మనిషిని. చెంబెడు నీళ్ళకీ పడవ మునగడానికీ సంబంధం లేదని తెలుసు. అయినా ఆ రాత్రి రొట్టె ముట్టలేదు.

ఆ తర్వాత ఇద్దరం ఒకే ఇంట్లో మాటల్లేకుండా తిరిగాం. అమ్మ నా పళ్ళెం బల్ల మీద పెట్టి అవతలికి తిరిగేది. నేను తిని, కడిగి, బోర్లించేదాన్ని. నూనె డబ్బా తలుపు దగ్గరే ఉంది. స్కూలుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దానికి నా లంగా అంచు తగలకుండా ఒదిగి నడిచేదాన్ని.

*

శుక్రవారం అమ్మ శ్మశానానికి వెళ్ళిన వేళ హెందా వచ్చింది. చేతి మీద కోటు మడిచి ఉంది.

లోపలికి రమ్మనలేదు. ఆమే వచ్చి, కూర్చోమనకుండానే కుర్చీ అంచున కూర్చుంది. ఆ రోజు అద్దం ముందు చూసిన మనిషిలా లేదు. వేళ్ళు ఆ గోధుమరంగు బొత్తం మీద ఆడుతున్నాయి.

"ఇది కొత్తదని చెప్పాడు లల్లా నజీహా. నా కోసం తూనిస్ నుంచి తెప్పించానన్నాడు. ఆ రోజు నీ మొహం చూసి అనుమానం వచ్చింది. ఇంటికెళ్ళి చూస్తే ఈ బొత్తం వేరే."

నేను ఆ బొత్తం వైపు చూశాను.

"ఆమెకి విమానమంటే భయమని, అందుకే ఏటా తనే మానుకునేదని కూడా చెప్పాడు."

"భయం లేదు," అన్నాను. "వంట ఉండేది."

హెందా తల దించుకుంది. ఆమె పెళ్ళి ఒకటి చెడిపోయి అన్న ఇంట్లో ఉంటోందని, తల్లి లేదని బేయా చెప్పగా విన్నాను. వయసు నాకన్నా బాగా తక్కువ. ఆ సంగతులేవీ నాకు తెలుసుకోవాలని లేదు. ఆమె మీద అసహ్యపడటం అప్పటిదాకా తేలిగ్గా ఉంది.

"తెలిసింది కదా. ఇంకా అతన్నే చేసుకుంటావా?"

"మా వదిన నా పళ్ళెం వేరుగా పెడుతుంది అక్కా. నీకు ఉద్యోగముంది, తలుపేసుకోవడానికి గదుంది. నన్నా మాట అడిగేముందు అది కూడా చూడు."

అక్కా అని పిలవవద్దని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"ఆ వంటమనిషిని చూశావుగా," అంది మళ్ళీ. "ఆమె పెళ్ళిదాకానే. వచ్చే ఏడు ఆ గుండిగ దగ్గర నేనుంటా. ఆయనే అన్నాడు, నవ్వుతూ. నవ్వుతూ అన్నాడు కాబట్టి నేనూ నవ్వాను."

పక్కింటి రేడియో ఏదో పాడుతోంది. నేను లేచి కిటికీ మూశాను. చేతులకి ఏదో ఒక పని కావలసి వచ్చింది. ఒక మనిషిని ఇంకా ఇంట్లోకి తెచ్చుకోకముందే, ఆమెకి వెయ్యబోయే పలుపు చూపించి నవ్వించగలిగిన మగవాడు. వాడు పంపిన నూనె మా తలుపు దగ్గర ఉంది. వాడు కడుక్కోని వేళ్ళతో అందించిన తొన ఈ పిల్ల నోట్లోకి వెళ్ళింది.

"అందుకే ఈసారి వెళ్తాను," అంది హెందా. "నువ్వు ఛీ అన్నా వెళ్తాను. మళ్ళీ నన్నెవరు పంపుతారు? కోటు మాత్రం నీది. తీసుకో."

చాపిన చేతుల మీద కోటు. దగ్గరికి వంగాను. మెడ దగ్గర అత్తరు వాసన, నారింజ వాసన, దాని కింద మడ్డి నీళ్ళ వాసన. దాని కింద ఆమ్నా ఉందేమోనని వెతికాను. లేదు. ఒకవేళ ఉన్నా, నాకు అందలేదు.

"ఉంచుకో. అక్కడ చలి."

"నువ్వు రావా?"

నేను కిటికీ వైపు తిరిగాను. హెందా కళ్ళు కిటికీ గూట్లో పెట్టిన సీసా మీద పడ్డాయి. ఆ రోజు ఛీ అన్నది గుర్తొచ్చినట్టుంది, అడగడానికి సందేహించింది. అడిగింది.

"అది దేనికి అక్కా?"

"మంచు తేవడానికి."

"కరిగిపోదూ?"

"కరుగుతుందని ఆమ్నాకి తెలుసు. కరిగితే కరగనీ, మంచుగా ఉన్న నీళ్ళు మా ఇంట్లో ఉన్నాయని చెప్పుకుంటానంది."

హెందా చాలాసేపు ఆ సీసాని చూసింది. తర్వాత కోటు మడిచి, చేతి మీద వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ నూనె డబ్బా కాలికి తగిలి తూలింది. డబ్బా పడలేదు.

ఆమె వెళ్ళాక సీసాని తీసి లంగా అంచుతో తుడిచాను. మొన్సెఫ్ ఆమ్నా చోటు నింపేశాడు. ఆమ్నా సీసా నింపేవాళ్ళు లేరు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూశాక, అల్మరా మీద నుంచి పెట్టె దించాను.

శ్మశానం నుంచి వచ్చిన అమ్మ ఆ పెట్టెని చూసింది. చెప్పుల మట్టి దులుపుకుని, చాప పరుచుకుని, బార్లీ ముందు కూర్చుంది.

*

ప్రయాణం నాటి పొద్దున అమ్మ నాకన్నా ముందు లేచింది. రొట్టె కాల్చి గుడ్డలో చుట్టి నా సంచి మీద పెట్టింది. దాని మీద నూనె రాయలేదు. అది చూసి ఒక్కసారి ఏదైనా మాట్లాడుతుందనుకున్నాను. మాట్లాడలేదు.

మా సందులోకి కారు రాదు. దలందా, బేయా సందు మొదట్లో కారులో ఉన్నారని, నా పెట్టె మోయడానికి సాయం వచ్చానని హెందా తలుపు తట్టింది. కోటు వేసుకుని ఉంది. చలి లేదు, అయినా మెడదాకా బొత్తాలు పెట్టుకుంది. నేను వెంటనే తలుపుకి అడ్డంగా నిలబడ్డాను, అమ్మకి కనబడకుండా. అమ్మ వంటగదిలో ఉంది. పెట్టె అందించి, ముందు నడవమని హెందాకి చెప్పాను. ఆమె నడిచింది.

లోపలికి వెళ్ళి అమ్మ చెయ్యి ముద్దు పెట్టుకున్నాను. చెయ్యి లాక్కోలేదు, నా తల మీద పెట్టనూ లేదు.

"వెళ్ళొస్తానమ్మా."

"రొట్టె తిను. దారిలో కొన్నది తినకు."

పొయ్యి గట్టు మీద రాగిచెంబు నిండుగా ఉంది. ఎప్పుడు నింపిందో. వంటకి నింపిందో, దేనికి నింపిందో. నేను దాన్ని చూడటం అమ్మ చూసింది. మొహం అవతలికి తిప్పుకుంది.

సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటాను. సీసా సంచిలో రొట్టెకి తగిలి ఉంది. ముందు, సందు మలుపుకి ఇంకా కొంచెం దూరంలో, హెందా నా పెట్టె ఈడ్చుకుంటూ పోతోంది. వెనక నుంచి చూస్తే కోటు వదులు తెలియడం లేదు. పెట్టె బరువుకి ఒక పక్కకి వంగి, కాస్త కాళ్ళు ఎడంగా వేస్తూ నడుస్తోంది. గానుగకి అన్నం గిన్నెలు మోసేటప్పుడు ఆమ్నా అలాగే నడిచేది.

వెనక గుమ్మంలో అమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. వచ్చి నిలబడింది.

నడుస్తున్నాను. చెవులు మాత్రం గుమ్మంలోనే ఉన్నాయి. నాన్న వెళ్ళిన పొద్దున కూడా ఈ సందు ఇలాగే నిశ్శబ్దంగా ఉండి ఉంటుంది. చప్పుడు వినబడలేదు. ఇంకొన్ని అడుగులు వేశాను. వినబడలేదు. ఒట్టు నిలబెట్టుకుంటోంది, నిలబెట్టుకోనీ అనుకున్నాను. అమ్మ చేత నూనె తినిపించగలిగినవాడు, నీళ్ళు కూడా ఆపించగలిగాడనుకున్నాను. ఆ అనుకోవడంలో ఎంత చేదు ఉందో నాకే తెలిసింది.

అప్పుడు వెనక చెంబుకి గాజులు తగిలిన చప్పుడైంది. నీళ్ళు రాతి మీద పడ్డాయి. సందు వాలుగా ఉంటుంది. నీళ్ళు నా చెప్పుల పక్కనుంచి పాయగా పారి, నన్ను దాటి, ముందుకు వెళ్ళాయి.

వాటి వెనకే అమ్మ గొంతు. ఇన్నాళ్ళుగా నేను వినని గొంతు.

"క్షేమంగా వెళ్ళి రా, ఆమ్నా. చల్లగా ఉంటుంది తల్లీ, మెడ బొత్తం తియ్యకు."

నా కాళ్ళు నిలిచిపోయాయి. ఆ నీళ్ళు నాకు పోసినవి కావు.

ముందు నడిచే హెందా కూడా ఆగింది. చచ్చిపోయినదాని పేరుతో తనని ఎవరో పిలిచారని ఆమెకి అర్థమైంది. పెట్టె పిడి మీద ఆమె వేళ్ళు తెల్లబడటం కనిపించింది. తిరగవద్దని చెప్పాలనుకున్నాను.

ప్రయాణం పోయేవాళ్ళు వెనక్కి చూడకూడదు. నేను చూడలేదు.

హెందా చూసింది.

నా వెనక అమ్మ ఊపిరి ఒక్కసారి ఆగింది. నీళ్ళ చప్పుడూ ఆగింది. చెంబులో ఇంకా నీళ్ళున్నాయని, ఆమె చేతిలో అవి తొణికిన సవ్వడిని బట్టి తెలుసుకున్నాను.